కుడివైపు కాలమ్‌ను చేత్తో మూసి చదవండి

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అందరం చేసే పని ఒకటే. ఏ అంకె బోల్డ్ అక్షరాల్లో ఉంది, ఏ వరసలో బాణం పైకి చూస్తోంది, ఏది కిందికి చూస్తోంది అని వెతుక్కుంటాం. బాణాలేమీ లేకపోతే హమ్మయ్య అనుకుని కాగితం మడిచి బీరువాలో పడేస్తాం. ఒక్కటి కనిపిస్తే చాలు, ఆ రాత్రికి నిద్ర ఉండదు. లివర్, కొలెస్ట్రాల్ పరీక్షల వరకూ ఈ రెండు అలవాట్లూ తప్పేనని నా వాదన. కుడిచివర ఉండే నార్మల్ రేంజి కాలమ్ ఆ కాగితం మొత్తంలో అతి తక్కువ సంగతి చెప్పే భాగం. దాన్ని చేత్తో మూసేసి, అంకెను పక్క అంకెతో, పాత రిపోర్టులోని అదే అంకెతో, మనిషి వయసుతో, వాడే మందులతో కలిపి చదవాలి. బాణం ఉన్నచోట ఏమీ లేకపోవచ్చు, బాణం లేనిచోట కొంప మునుగుతూ ఉండొచ్చు.

అసలా రేంజి ఎలా పుడుతుంది? ఆరోగ్యంగా ఉన్నారనుకున్న కొంతమంది రక్తంలో ఆ పదార్థం ఎంతుందో కొలుస్తారు. అడుగున ఉన్న 2.5 శాతాన్నీ, పైకొసన ఉన్న 2.5 శాతాన్నీ కత్తిరించి, మిగిలిన 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే నిక్షేపంగా ఉన్నవాళ్లలోనే ఇరవై మందికి ఒకరు రేంజి బయట పడి తీరాలి. ఇక ఇరవై పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే, ఒకదానికొకటి సంబంధం లేనివనుకుంటే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక బాణం పడే అవకాశం 64 శాతం. 0.95ను ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే వచ్చే లెక్క ఇది. ప్యాకేజీ ఎంత పెద్దదైతే అన్ని ఉత్తుత్తి భయాలన్నమాట.

రెండో చిక్కు ఇంకా ఇబ్బందికరమైనది. ఆరోగ్యవంతులనుకుని లెక్కలోకి తీసుకున్నవాళ్లలో చాలామందికి తెలియకుండానే లివర్‌లో కొవ్వు ఉంటుంది. వాళ్లు కూడా లెక్కలో చేరేసరికి ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము పైహద్దు చాలా ల్యాబుల్లో 40కి, కొన్నిచోట్ల 55కి ఎక్కి కూర్చుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం నిజంగా ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో పైహద్దు 29 నుంచి 33, ఆడవాళ్లలో 19 నుంచి 25. ఎస్‌జీపీటీ 38 ఉన్న ఆడమనిషి రిపోర్టులో బాణం ఉండదు. అయినా ఆ 38 ఆమెకు ఎక్కువే.

ఇక లివర్ ఫంక్షన్ టెస్ట్ అన్న పేరే మనల్ని దారి తప్పిస్తుంది. అందులో ముందు వరసలో ఉండే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పవు. ఇవి లివర్ కణాల లోపల ఉండాల్సిన ఎంజైములు. కణం దెబ్బతింటే లోపలి సరుకు రక్తంలోకి ఒలుకుతుంది. ఎంత ఒలికిందో మాత్రమే ఈ అంకెలు చెబుతాయి. కొన్ని రిపోర్టుల్లో వీటినే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అని రాస్తారు. రెండూ ఒకటే, కొత్త పరీక్షనుకోకండి.

పనితనం చెప్పేవి వేరే ఉన్నాయి. ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ప్రోథ్రాంబిన్ టైమ్ లేదా ఐఎన్‌ఆర్, కొంతవరకు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం. ఆల్బుమిన్ లివర్ తయారుచేసే ప్రోటీన్. రక్తంలో దాని సగం ఆయుష్షు, అంటే ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు ఇరవై రోజులు. అందుకే నిన్న మొన్న మొదలైన జబ్బు ఆల్బుమిన్‌లో కనిపించదు, నెలల తరబడి నడుస్తున్నది కనిపిస్తుంది. ఐఎన్‌ఆర్ దీనికి పూర్తిగా ఉల్టా. రక్తం గడ్డకట్టడానికి లివర్ తయారుచేసే ఏడో ఫ్యాక్టర్ సగం ఆయుష్షు అయిదారు గంటలే. లివర్ చేతులెత్తేస్తే ఒకటి రెండు రోజుల్లో ఐఎన్‌ఆర్ పెరిగిపోతుంది. ఇంత కీలకమైన ఈ పరీక్ష చాలా లివర్ ప్యాకేజీల్లో ఉండనే ఉండదు, విడిగా రాయించుకోవాలి. ఆల్బుమిన్ తగ్గిన ప్రతిసారీ తప్పు లివర్‌దే అనుకోకూడదు. కిడ్నీ మూత్రంలోకి వదిలేస్తున్నా, ఒంట్లో ఎక్కడైనా పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది. ఐఎన్‌ఆర్ కూడా విటమిన్ కే లోపం వల్ల పెరగొచ్చు. ఆ విటమిన్ ఇంజెక్షన్ ఇస్తే దిగివస్తే నేరం లివర్‌ది కాదని తేలుతుంది.

ఈ తేడా తెలియకపోతే జరిగే అతిపెద్ద పొరపాటు సిర్రోసిస్ దగ్గర జరుగుతుంది. ఏళ్ల తరబడి మచ్చలు పడి గట్టిపడిన లివర్‌లో ఒలకడానికి కణాలే తక్కువ మిగులుతాయి. ఎస్‌జీపీటీ 28 అని వస్తుంది, బాణం ఉండదు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. తీవ్రమైన హెపటైటిస్‌లోనూ ఇలాంటి మోసమే ఉంది. ఎస్‌జీపీటీ 2000 నుంచి రెండు రోజుల్లో 600కి దిగిందంటే మంచి వార్తలా కనిపిస్తుంది. అదే సమయంలో ఐఎన్‌ఆర్, బిలిరుబిన్ ఎక్కుతూ ఉంటే మాత్రం లివర్ కోలుకోవడం లేదు, కణాలు అయిపోతున్నాయి. మనిషి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా అది రిపోర్టు చదువుకుంటూ కూర్చునే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సమయం.

ఇప్పుడు రెండు ఎంజైముల మధ్య తేడా. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌లో ఉంటుంది. ఎస్‌జీఓటీ అలా కాదు, గుండెలో, కండరాల్లో, కిడ్నీలో, ఎర్రరక్తకణాల్లో కూడా ఉంటుంది. కాబట్టి ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగితే ముందు లివర్ బయట వెతకాలి. సూది గుచ్చడంలో ఇబ్బంది వచ్చి ఎర్రకణాలు ట్యూబులోనే పగిలినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది. శాంపిల్ హీమోలైజ్ అయిందని రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటే అదే. దాంతోపాటు పొటాషియం కూడా ఎక్కువ చూపిస్తుంది.

కండరాల సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అనవసరమైన స్కాన్లకు ఇదొక పెద్ద దారి. అలవాటు లేనివాళ్లు బరువులెత్తితే కండరాలు దెబ్బతిని ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ పెరుగుతాయి, వారం దాటినా దిగకపోవచ్చు. ఎస్‌జీఓటీ 140, ఎస్‌జీపీటీ 70, బిలిరుబిన్, జీజీటీ అనే మరో లివర్ ఎంజైము మామూలు అన్నట్టుగా ఉంటుంది రిపోర్టు. ఇలాంటప్పుడు చేయించాల్సింది క్రియాటిన్ కైనేజ్, అంటే కండరాల ఎంజైమైన సీకే. అది వేలల్లో వస్తే కథ తేలిపోయింది, కండరాలదే. వారం పది రోజులు వ్యాయామం ఆపి మళ్లీ చూస్తే ముందు ఎస్‌జీఓటీ, తర్వాత ఎస్‌జీపీటీ దిగుతాయి. ఈ వరస కూడా ఊరికే రాలేదు. రక్తంలో ఎస్‌జీఓటీ సగం ఆయుష్షు సుమారు 17 గంటలు, ఎస్‌జీపీటీది సుమారు 47 గంటలు. జిమ్‌కు వెళ్లేవాళ్లు పరీక్షకు ముందు ఒక వారం బరువులు మానేస్తే ఈ గొడవే ఉండదు.

రెండింటి నిష్పత్తికి డీ రిటిస్ నిష్పత్తి అని పేరు. 1957లో ఫెర్నాండో డీ రిటిస్ అనే ఇటలీ వైద్యుడు దీని గురించి రాశాడు. ఎస్‌జీఓటీని ఎస్‌జీపీటీతో భాగించగా వచ్చేది 2 దాటితే మద్యం మీద అనుమానం పడుతుంది. మద్యం వల్ల వచ్చే హెపటైటిస్‌లో ఎస్‌జీఓటీ 300, 400 దాటడం అరుదు. వేలల్లో ఉంటే మద్యం ఒక్కటే కారణమని సరిపెట్టుకోకూడదు. వైరస్, పారాసెటమాల్ మోతాదు మించడం, రక్తపోటు పడిపోయి లివర్‌కు రక్తం అందకపోవడం, ఈ మూడూ చూడాలి. మామూలు ఫ్యాటీ లివర్‌లో మొదట్లో ఎస్‌జీపీటీయే పైన ఉంటుంది. ఏళ్లు గడిచి మచ్చలు పడేకొద్దీ ఎస్‌జీఓటీ దాన్ని అందుకుని దాటుతుంది. రెండింటికీ బాణాల్లేకపోయినా ఏది ముందుందో చూడండి అనేది ఇందుకే.

ఒక లెక్క చేసి చూద్దాం

ఫ్యాటీ లివర్ ఉందని తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న కొవ్వు ఎంతుంది అని కాదు, మచ్చలు పడ్డాయా అని. స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాసేది కొవ్వు వల్ల లివర్ ఎంత తెల్లగా కనిపించిందో చెప్పడానికే. మచ్చల గురించి ఆ గ్రేడు ఏమీ చెప్పదు. గ్రేడ్ 2 గ్రేడ్ 1కి మారిందని సంబరపడేవాళ్లను, గ్రేడ్ 1 నుంచి 2కి వెళ్లిందని దిగులుపడేవాళ్లను చూస్తే అయ్యో అనిపిస్తుంది. మచ్చల అంచనాకు ఖర్చు లేని ఉపాయం ఫిబ్-4 అనే లెక్క. 2006లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ రెండూ ఉన్నవాళ్ల కోసం దీన్ని తయారుచేశారు, తర్వాత ఫ్యాటీ లివర్‌కూ వాడుతున్నారు. కావాల్సినవి నాలుగే: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చేదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, లక్షా అరవై వేలుంటే 160 అని.

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. మొదటి వ్యక్తికి 36 ఏళ్లు. ఎస్‌జీఓటీ 50, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 250. రిపోర్టులో రెండు బాణాలు, ఎస్‌జీపీటీ హద్దుకు రెట్టింపు. రెండో వ్యక్తికి 58 ఏళ్లు. ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 160. ఎస్‌జీఓటీ దగ్గర చిన్న బాణం, మిగతావన్నీ రేంజిలోనే. ఎవరు ఎక్కువ కంగారు పడతారు? మొదటివాళ్లే. లెక్క వేయండి. 36ను 50తో గుణిస్తే 1800. 81 వర్గమూలం 9, 250తో గుణిస్తే 2250. భాగిస్తే 0.8. ఇక రెండో వ్యక్తి: 58ను 48తో గుణిస్తే 2784. 36 వర్గమూలం 6, 160తో గుణిస్తే 960. భాగిస్తే 2.9. ఫిబ్-4లో 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. రెండు బాణాలున్న మనిషి బరువు తగ్గే పనిలో పడితే చాలు. ఒక్క చిన్న బాణమున్న మనిషి లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లి, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఇలాస్టోగ్రఫీ చేయించుకోవాలి. కుడివైపు కాలమ్ చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

ప్లేట్‌లెట్లు ఇందులోకి ఎందుకు వచ్చాయంటే, లివర్ గట్టిపడితే దానిలోకి రావాల్సిన రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో పట్టేసుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్ల తయారీని ప్రేరేపించే హార్మోను లివర్‌లోంచే ఎక్కువగా వస్తుంది, అదీ తగ్గుతుంది. అయితే ఈ లెక్కకు కొన్ని హద్దులున్నాయి. 35 ఏళ్ల లోపువాళ్లలో నమ్మదగినది కాదు. 65 దాటినవాళ్లలో వయసు వల్లే అంకె పెరుగుతుంది కాబట్టి 1.3 బదులు 2.0ను కింది హద్దుగా తీసుకుంటారు. జ్వరంతో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడో, కొత్తగా హెపటైటిస్ వచ్చినప్పుడో, మొన్ననే బరువులెత్తినప్పుడో ఈ లెక్క వేస్తే చెత్త అంకె వస్తుంది.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైము గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఇది పెరిగితే పిత్తం పారే దారిలో అడ్డు ఉందేమోనని చూస్తారు. అయితే ఎముకల్లోంచి, గర్భిణుల్లో మాయ నుంచి కూడా వస్తుంది కాబట్టి ఎదిగే పిల్లల్లో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో ఎక్కువగా ఉండడం మామూలే. పెద్దవాళ్లలో పెరిగితే జీజీటీ చూడాలి. జీజీటీ కూడా పెరిగితే లివర్ వైపు, జీజీటీ మామూలుగా ఉంటే ఎముక వైపు, ముఖ్యంగా విటమిన్ డీ వైపు చూపు మళ్లించాలి. జీజీటీ ఒక్కటే పెరిగితే మద్యం, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు, ఫ్యాటీ లివర్ గుర్తుకు రావాలి. దానంతటదిగా అది మరీ నమ్మకమైన సాక్షి కాదు.

బిలిరుబిన్ దగ్గర మాత్రం ఒక మాట. మొత్తం బిలిరుబిన్ 1.9, అందులో డైరెక్ట్, అంటే కరిగే రూపం, 0.3, ఎంజైములన్నీ మామూలు. ఇలాంటి రిపోర్టు పట్టుకుని కామెర్లని మందులు మింగేవాళ్లు ఎందరో. ఇది చాలావరకు గిల్బర్ట్ సిండ్రోమ్. బిలిరుబిన్‌ను కరిగే రూపంలోకి మార్చే ఎంజైము పుట్టుకతోనే కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది, అంతే. లివర్‌కు ఏ హానీ లేదు, మందు అక్కర్లేదు. సాధారణంగా 3 దాటదు. ఉపవాసం, జ్వరం, నిద్రలేమి, బాగా అలసిపోవడం వల్ల పెరుగుతుంది. చిత్రమేమిటంటే, కొలెస్ట్రాల్ పరీక్ష కోసమని పద్నాలుగు గంటలు కడుపు మాడ్చుకుని వెళ్తే ఆ ఉపవాసమే బిలిరుబిన్‌ను పెంచి కొత్త భయం తెచ్చిపెడుతుంది. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగినప్పుడు ఎర్రకణాలు పగిలిపోవడం లేదని ఒకసారి హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ (కొత్త ఎర్రకణాల) కౌంట్ చూసి నిర్ధారించుకుంటే చాలు. డైరెక్ట్ బిలిరుబిన్ పెరగడం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లబడడం మాత్రం వేరే కథ. దాన్ని వాయిదా వేయకూడదు.

మందులు వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన జోడీ ఒకటుంది. ఎస్‌జీపీటీ హద్దుకు మూడు రెట్లు దాటి, దాంతోపాటే పిత్తవాహికలో అడ్డేమీ లేకుండా బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, ఆ మందు లివర్‌ను ప్రాణాపాయం దాకా తీసుకెళ్లొచ్చు. హైమన్ జిమ్మర్‌మన్ అనే లివర్ నిపుణుడి గమనింపు ఇది, ఆయన పేరుమీదే హైస్ లా అంటారు. మందులంటే డాక్టరు రాసినవే కావు. బరువు తగ్గడానికి మింగే గ్రీన్ టీ సారం మాత్రలు, కండలు పెంచే స్టెరాయిడ్లు, సహజమే కదా అని వాడే మూలికల గోళీలు కూడా లివర్‌ను దెబ్బతీసిన దాఖలాలు బోలెడు. డాక్టరు అడిగితే ఇవి మందుల జాబితాలోకి రావని చాలామంది చెప్పనే చెప్పరు.

రెండో పేజీ నిజానికి మొదటి పేజీయే

కొలెస్ట్రాల్ పేజీని లివర్ పేజీతో సంబంధం లేనట్టు చదవడం నాకెప్పుడూ వింతగా తోస్తుంది. కొలెస్ట్రాల్ తయారుచేసేది, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును మూటకట్టి రక్తంలోకి పంపేది, చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్‌ను వెనక్కి లాక్కునేది అంతా లివరే. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. అది తన బరువు దించుకోవడానికి ట్రైగ్లిజరైడ్లు నిండిన వీఎల్‌డీఎల్ అనే కణాలను ఎక్కువగా వదులుతుంది. ఆ ట్రైగ్లిజరైడ్లు మంచి కొలెస్ట్రాల్‌గా పేరుపడ్డ హెచ్‌డీఎల్‌లోకి మారకం కావడంతో హెచ్‌డీఎల్ త్వరగా అరిగిపోతుంది. అందుకే ఎస్‌జీపీటీ 60, ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ 36 అన్నవి మూడు బాణాలు కావు, ఒకే జబ్బుకు మూడు సంతకాలు. ఇలాంటివాళ్లకు లివర్ టానిక్ ఒకటి, కొలెస్ట్రాల్ బిళ్ల ఒకటి రాసి ఊరుకుంటే అసలు మూలం అలాగే ఉండిపోతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ కాదు, గుండె. 2023లో ఈ జబ్బుకు పేరు మార్చి మెటబాలిక్ అన్న మాట చేర్చింది కూడా ఈ మూలాన్ని గుర్తుచేయడానికే.

లిపిడ్ ప్రొఫైల్‌లో పది వరసలుంటాయి కానీ చాలా ల్యాబుల్లో నిజంగా కొలిచేవి మూడే: టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. వీఎల్‌డీఎల్ అంటే ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించిన అంకె. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ తీసేస్తే ఎల్‌డీఎల్. మిగతా నిష్పత్తులన్నీ ఈ అంకెలతో చేసిన భాగహారాలే. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, మరిద్దరు ఇచ్చిన సూత్రమిది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు. అంతకు ముందే తడబడుతుంది కూడా.

ఉదాహరణకు టోటల్ 212, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 290 అనుకోండి. వీఎల్‌డీఎల్ 58. ఎల్‌డీఎల్ 212 - 38 - 58, అంటే 116. 130 హద్దు పెట్టుకున్న ల్యాబులో ఎల్‌డీఎల్ దగ్గర బాణం పడదు. చెడ్డ కొలెస్ట్రాల్ బాగానే ఉందట అని ఆ మనిషి చెప్పుకుంటాడు. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేయండి: 174. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లో పేరుకోగల కొలెస్ట్రాల్ మొత్తం ఇందులో ఉంటుంది. ఇది ఎల్‌డీఎల్ లక్ష్యం కంటే 30 వరకు ఎక్కువ ఉండొచ్చు. ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుంటే అయిదో వంతు 30, ఆ లెక్కలోంచి వచ్చిందది. ఈ మనిషికి 116 మీద 58 ఎక్కువ ఉంది. ఎల్‌డీఎల్ వెనక దాక్కున్న దొంగ వీఎల్‌డీఎల్, దాని తునకలు. నాన్ హెచ్‌డీఎల్‌కు పరగడుపు అక్కర్లేదు, కొత్త పరీక్ష అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అయినా చాలా రిపోర్టుల్లో అడుగున ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. వీలైతే అపోబీ అనే ప్రోటీన్ పరీక్ష చేయించుకోవడం ఇంకా మేలు. ఒక్కో చెడ్డ కణం మీద ఒక్కటే అపోబీ ఉంటుంది కాబట్టి అది కణాల సంఖ్యనే లెక్కపెడుతుంది.

మందు వాడుతూ ఎల్‌డీఎల్ 70 కిందికి దిగినవాళ్లలో, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటే, పాత సూత్రం అసలు ఎల్‌డీఎల్ కంటే తక్కువ చూపిస్తుంది. లక్ష్యం చేరామనుకుంటారు, చేరి ఉండరు. మార్టిన్-హాప్కిన్స్ అనే సూత్రం 2013లో వచ్చింది. అందరికీ 5తో భాగించకుండా మనిషిని బట్టి భాజకం మారుస్తుంది. ఏ సూత్రంతో లెక్కకట్టారని ల్యాబును అడగడం తప్పేమీ కాదు.

ఎల్‌డీఎల్‌కు నార్మల్ అంటూ లేదు. ఎవరి లక్ష్యం వాళ్లది. యూరప్ గుండె వైద్యుల సంఘం 2019 సూచనల్లో, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్లకు 55 కంటే తక్కువ, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 70, ఓ మోస్తరు ముప్పుంటే 100, తక్కువుంటే 116 అని పెట్టారు. స్టెంట్ పడిన మనిషికి ఎల్‌డీఎల్ 95 అని వస్తే రిపోర్టులో బాణం ఉండదు. అది చాలా ఎక్కువ. మరో కొసన, ఏ మందూ లేకుండా ఎల్‌డీఎల్ 190 దాటితే తిండి మార్చి చూద్దామని ఆర్నెల్లు గడపకూడదు. పుట్టుకతో వచ్చే ఫెమిలియల్ హైపర్ కొలెస్టెరోలీమియా అయ్యుండొచ్చు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది, తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి. ఈ జబ్బు మూలమైన ఎల్‌డీఎల్ రిసెప్టార్‌ను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. బిళ్ల మొదలుపెట్టే ముందు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూడడం మాత్రం మరవకూడదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, థైరాయిడ్ సరిచేస్తే దిగుతుంది.

హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అని పిలవడం ఇక మానేస్తే బాగుండు. అది తక్కువుంటే ముప్పు ఎక్కువన్నది నిజమే, కానీ మందులతో పెంచితే ముప్పు తగ్గలేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది, దాంతోపాటు మరణాలనూ పెంచింది, 2006లో పరీక్షలు ఆపేశారు. హెచ్‌డీఎల్‌ను పెంచే మరో మందు నియాసిన్‌తో చేసిన రెండు పెద్ద ప్రయోగాలూ తేలిపోయాయి. హెచ్‌డీఎల్ 85 ఉంది కదా, ఎల్‌డీఎల్ 170 ఉన్నా పర్వాలేదు అనే లెక్క చెల్లదు.

పరగడుపు పట్టింపు కూడా సడలింది. 2016 నుంచి యూరప్ నిపుణుల సంఘాలు మామూలుగా తిని వచ్చినా లిపిడ్ పరీక్ష చేయొచ్చంటున్నాయి. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు సగటున పాతిక దాకా పెరుగుతాయి, మిగతావి పెద్దగా మారవు. తిని వచ్చినప్పుడు ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పరగడుపున మళ్లీ చేస్తారు. 500 దాటి, వెయ్యి వైపు పోతుంటే గుండె సంగతి తర్వాత, ముందు ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం. షుగరు అదుపు తప్పడం, మద్యం, ఈస్ట్రోజెన్ మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ లాంటివి వెతకాలి. ముందురోజు రాత్రి తాగి పొద్దున్నే పరగడుపున వెళ్లినా ఈ అంకె పెరిగే ఉంటుంది.

ఏ మందూ లేకుండా టోటల్ కొలెస్ట్రాల్ 190 నుంచి 115కి పడిపోతే అభినందనలు చెప్పుకోకండి. లివర్ దాన్ని తయారుచేయలేకపోతున్నా, థైరాయిడ్ జోరెక్కినా, ఒంటికి తిండి పట్టకపోయినా కొలెస్ట్రాల్ ఇలాగే పడుతుంది. గుండెపోటు, పెద్ద ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు తక్కువ చూపిస్తుంది. ఉల్టాగా, పిత్తం పారే దారి మూసుకుపోతే కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. అప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడకుండా కొలెస్ట్రాల్ బిళ్ల మొదలుపెట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు లివర్‌ను పాడుచేస్తాయన్న భయం ఎంత నష్టం చేసిందో చెప్పలేం. ఫ్యాటీ లివర్ ఉందని, ఎస్‌జీపీటీ 65 ఉందని స్టాటిన్ ఆపేస్తారు. అదే మనిషికి గుండె ముప్పు అందరికంటే ఎక్కువ. తీవ్రమైన లివర్ దెబ్బ చాలా అరుదని, ఊరికే పదేపదే లివర్ పరీక్షలు చేయించనక్కర్లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లోనే లేబుల్ మార్చింది. మొదలుపెట్టే ముందు ఒకసారి ఎస్‌జీపీటీ చూస్తారు. హద్దుకు మూడు రెట్ల లోపు పెరిగితే మందు కొనసాగించి నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ చూస్తారు. మూడు రెట్లు దాటితేనే తగ్గించడమో ఆపడమో. సిర్రోసిస్ ముదిరి కడుపులో నీరు చేరినవాళ్ల సంగతి వేరు, అది లివర్ డాక్టరు తేల్చాల్సింది. మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే దిగుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. 160తో మొదలైన మనిషికి అది పది పాయింట్లు. ఇంకా తగ్గాలంటే ఎజెటిమైబ్ అనే మరో మందు జోడించడమే లాభం.

చివరగా మళ్లీ పరీక్ష ఎప్పుడని. మందు మొదలుపెట్టాకో మార్చాకో నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య లిపిడ్లు చూడాలి. పది రోజులకే చూస్తే పూర్తి ఫలితం తెలియదు. లిపోప్రోటీన్(ఏ) అనే మరో కొవ్వు కణాన్ని మాత్రం జన్మకోసారి చూస్తే చాలు, అది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు. ఎల్‌డీఎల్ 128 ఉన్నది 136 అయిందని మథనపడొద్దు. ఒకే మనిషిలో ఏ కారణం లేకుండానే రోజుకోలా అంతమాత్రం ఊగుతుంది, ట్రైగ్లిజరైడ్లయితే 20 శాతం వరకు. ఒకే ల్యాబు, దాదాపు ఒకే వేళ, అప్పటికి కాసేపు కూర్చుని ఉండడం, రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచకపోవడం, ఇవి పాటిస్తే పోలికకు అర్థం ఉంటుంది.

రిపోర్టు వెనకవైపు నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి: చివరిసారి మద్యం ఎప్పుడు, వ్యాయామం ఎప్పుడు, ఈ నెలలో మింగిన ప్రతి మాత్ర, పొడి, కషాయం, ఇటీవల జ్వరమేదైనా. ఎస్‌జీఓటీ 110 పక్కన 'మూడు రోజుల క్రితం జిమ్ మొదలు' అని ఉంటే డాక్టరు ముందు సీకే రాస్తారు, స్కాన్ రాయరు.